పై మూడు లైన్లు

షార్జా, రోల్లా. లిఫ్టు పక్కనే టైపింగ్ సెంటర్.
రెండు టేబుళ్లు, ఒక ప్రింటర్,
ఫోటోల కోసం మేకులకు కట్టిన తెల్లగుడ్డ.
నూట పద్నాలుగో టోకెన్ మనిషి
పాస్‌పోర్టును కవర్లోంచి తీస్తాడు,
పొయ్యి మీంచి ఇప్పుడే దించినట్టు రెండు చేతులతో.

నా పని అడగడం.
పేరు. తండ్రి పేరు. తాత పేరు.
ఏం పని. ఎంత జీతం. ఎవరి కింద.
తొమ్మిది తెరలు, తెరకు ఇరవై గళ్లు.
ఏడో తెర దగ్గర నెట్ తుమ్ముతుంది.
మళ్లీ మొదటి తెర.

రంజాన్ నెలలో ఒక రాత్రి
వేళ్ల కణుపులకు అమృతాంజనం రాసుకుని వెతుకుతుంటే దొరికింది,
గళ్లను తనే నింపే కోడ్ లైబ్రరీ.
ఎవరో రాసి, చలివేంద్రంలో కుండలా
దారి మీద పెట్టి వెళ్లిపోయారు.
నెట్ తుమ్మితే ఆగుతుంది. విసుక్కోదు.
నలభై నిమిషాల పని నాలుగు నిమిషాల్లో.
మిగిలిన ముప్పై ఆరూ ఎవరివంటారా,
ఖుద్రత్ సాబ్‌వి.

దాని లైసెన్సు చదివాను.
నా ఉద్యోగం కాగితాన్నైనా అంత నిదానంగా చదవలేదు నేను.
ఎవరైనా వాడుకోవచ్చు, ఎందుకైనా.
మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు.
ఒక్కటే అడిగాడు:
పై మూడు లైన్లు, అంటే తన పేరు, ఆ ఏడాది, ఈ మాట,
ఎక్కడికి తీసుకెళ్లినా వెంట ఉంచమని.
కింద పెద్ద అక్షరాల్లో: దేనికీ పూచీ లేదు.
పూచీ లేదని ముందే చెప్పిన మనిషిని
అప్పుడే మొదటిసారి చూశాను.
నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు
అన్నిటికీ పూచీ పడ్డాడు.

అయితే అది కూడా తప్పు చేసింది.
మొదటి మాట పేరు, చివరి మాట ఇంటిపేరు అనుకుంది.
గాజెంగి గంగనర్సయ్య, మెట్‌పల్లి. అది నేను.
లేబర్ కార్డులో గాజెంగి నా పేరైంది,
గంగనర్సయ్య నా వంశమైంది.
ఎనిమిదేళ్లుగా క్యాంపులో నన్ను పిలిచినప్పుడల్లా
మా తాతముత్తాతలందరూ ఒక్కసారే పలకాలి.
నేను చేత్తో నింపినప్పుడు రోజుకు పది పేర్లు తలకిందులు.
ఇప్పుడు నూరు.

పదకొండు లైన్లు రాశాను.
ఇంటిపేరు ముందుండే మనుషులూ ఉంటారని
దానికి చెప్పే పదకొండు లైన్లు.
తిరిగి పంపాను.
రెండు రోజులకు జవాబు: బాగుంది, కలిపాను.
ఆ మనిషి పేరులో ఎక్కడ ఆగాలో నాకు తెలియదు,
ఆడో మగో తెలియదు.
ఎవరి కింద అని మాత్రం నన్ను అడగలేదు.
చేయి వేసినవాళ్ల జాబితాలో ముప్పై ఏడో వరుస:
గాజెంగి గంగనర్సయ్య.
తెలుగులోనే రాశాను. తెలుగులోనే ఉంచారు.

ఖుద్రత్ సాబ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"అజ్మాన్‌లో ముగ్గురు అడుగుతున్నారు, అమ్ముదాం.
పైన ఎవరిదో పేరుందట, తీసెయ్. సెంటర్ పేరు పెట్టు."
అమ్మొచ్చు సాబ్, అమ్మొద్దనలేదు. పేరే తీయొద్దన్నాడు.
"ఎవడు చూస్తాడు?"

నిజమే. ఎవడూ చూడడు.
ఆయన మోకాలి దగ్గరి సొరుగులో
నా పాస్‌పోర్టు ఉంది, అదీ ఎవడూ చూడడు.

సాబ్‌కు కోడ్ చదవడం రాదు.
తీసేశానని చెప్పాను.
అజ్మాన్‌కు మూడు కాపీలు వెళ్లాయి,
పై మూడు లైన్లతో, ముప్పై ఏడో వరుసతో.
పట్టుబడితే ఏమవుతుందో, దానికీ పూచీ లేదు.

నూట పదిహేను.
ఒకామె వచ్చింది, కొంగుకు చేతులు తుడుచుకుంటూ.
పేరు చెప్పమ్మా, అన్నాను.
ఏది ముందు చెప్పాలె, అని అడిగింది.
నీ ఇష్టం, అన్నాను.