రిజిస్టర్లో ముద్దుపేరు

నా పేరు దూన్య.
సాగదీస్తే దునియా, నలిపేస్తే దున్న,
లెక్కల సారు నోట్లో శూన్య.
నాలుగో తరగతి దాకా
మూడింటికీ పలికాను.

పేరు పెట్టింది నాయన.
బాలానగర్ మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ కాడ పని.
మిషన్ల వెంట వచ్చిన రష్యా వాళ్ళలో
ఒకామె ఉండేదట, పొడుగాటి మనిషి.
చింతకాయ తొక్కు నాలుక్కి రాసుకుని
కళ్ళనీళ్ళు తుడుచుకుని
మళ్ళీ చెయ్యి చాపిందట.
షెడ్డు అవతల నుంచి ఆమె మొగుడు
"దూన్యా" అనేవాడు.
బాయిలర్ మోతలో ఏ కేకా వినపడదు,
అదొక్కటి వినపడేదట.
నేను పుట్టిన రోజు నాయనకు
ఆమె ముఖం యాదికి రాలేదు,
ఆ పిలుపు వచ్చింది.

మున్సిపాలిటీ గుమాస్తా రెండుసార్లు అడిగి
మూడోసారి విసుక్కుని రాసుకున్నాడు:
బాయికాడి దూన్య.

ఇప్పుడు నాది నల్లా నీళ్ళ ఆఫీసు, ఫిర్యాదుల కౌంటర్.
"దునియా మేడమ్, కల్ సే పానీ నై ఆరా"
అంటూ వస్తారు,
లోకం మీద లోకానికే ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఒకరోజు తార్నాక నుంచి వకుళగారు,
మీటరు ఆగినా ఆగని బిల్లు పట్టుకుని.
రష్యన్ పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి.
నా బల్ల మీద పేరు చదివి
"ఇది సరే, అసలు పేరేమిటి?" అన్నారు.
ఇదే అన్నాను.
బిల్లు మరిచిపోయి కూర్చున్నారు.

"రేషన్ కార్డు మీద బుజ్జి అని రాయించినట్టుందమ్మా!
పెద్ద పేరు యెవ్‌దొకీయ.
గ్రీకు మాట, మంచి తలపు అని.
చర్చిలోంచి పల్లెకు దిగేసరికి
నోళ్ళల్లో అరిగి అవ్‌దోత్య అయింది,
ఇంట్లో ఇంకా అరిగి దూన్య.
ప్రేమ పొంగితే దూన్యెచ్కా,
చెంబు సొట్టబెడితే దూన్కా.
తల్లి పిలవాలి, తోడబుట్టినవాళ్ళు పిలవాలి,
చనువున్నవాడొకడు పిలవాలి.
ఆఫీసులో ఎవరూ అలా అనరు.
పెద్ద పేరు చెప్పి, పక్కన తండ్రి పేరు తోకతో చేరుస్తారు.
మీ నాన్నగారి పేరు?"

సాయిలు.

"యెవ్‌దొకీయ సాయిలొవ్నా!"
కౌంటర్ వెనక ప్యూను కూడా నవ్వాడు.

అంటే ఇన్నేళ్ళూ
కరెంటాయన, కండక్టరు, బ్యాంకు మేనేజరు,
ముక్కూ మొగం తెలియనివాళ్ళంతా
నన్ను ముద్దుచేసే కసురుకున్నారు.
నాకు మాత్రం ఇంట్లో ముద్దుపేరు లేకపోయింది.
అరగదీయడానికి ఏం మిగిలిందని?

లేచేముందు ఇంకో మాట చెప్పారామె.
దొరసానులు ఆ పేరు ఎప్పుడో వదిలేశారట,
వంటామెకు, పాలు పితికే ఆమెకు మిగిలిందట.
"మన పోచమ్మ, ఎంకమ్మ లాగా."

మా నాయనమ్మ పోచవ్వ.
ఆ పేరే పెట్టమని ఆమె మూడు రోజులు
అన్నం ముట్టకుండా కూర్చుందని
అమ్మ ఇప్పటికీ చెప్తుంది.
దాన్ని తప్పించుకోవాలని
రష్యా దాకా పోయిన నాయన
పోచవ్వనే ఎత్తుకొచ్చాడు.

రాత్రి ఫతేనగర్‌లో చెప్పాను.
నాయన బీడీ ఆర్పి
పెద్ద పేరు నోట్లో వేసుకుని చూశాడు.
"యెవ్... యవ్‌దో... యాదవ్వ?"
మళ్ళీ ప్రయత్నించాడు, దగ్గొచ్చింది.
"వద్దు పో బిడ్డా.
గంత పొడుగు పేరు పిలిచేసరికి
నల్లా బందయితది."
కాసేపాగి, గోడవైపు తిరిగి,
"మా అవ్వకు తెలిస్తే మస్తు నవ్వేది" అన్నాడు.

రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగున్నరకు
మెట్ల మీద హష్మత్ ఆపా గొంతు:
"అగే దునియా! పానీ ఆగయా, జల్దీ ఆ!"
అంత లోకాన్ని నిద్రలేపి
రెండు బకెట్ల నీళ్ళకు రమ్మంటుంది.

చెప్పుల్లేకుండా దిగుతాను.
ధార ఇంకా సన్నగానే ఉంటుంది.
ముందు చిన్న బకెట్ పెడతాను.