బొమ్మా బొరుసూ లేనివి

చక్కెర దుంపలు పీకేసిన మర్నాడు
క్యాచ్‌పోల్ ఫోన్ చేస్తాడు:
"చేను ఖాళీ. గోధుమ చల్లేదాకా నీదే."
ఏడాదికోసారి, అంతే మాట్లాడతాడు.

సఫోక్‌లో నవంబరు మన్ను
బూటు పట్టుకుంటే వదలదు,
అప్పులవాడిలా.
ముప్పై ఏళ్ళు పైపులు అతికిన చేతులు నావి,
రాగి ఎక్కడ దాక్కున్నా వాసన పడతాననుకునేవాణ్ణి.
పట్టలేను.
యంత్రం పది కూతలు కూస్తే
ఆరు బీరు డబ్బాల మూతలు,
రెండు తూటా తొడుగులు,
ఒకటి ఏ ట్రాక్టరో విదిల్చిన నట్టు.
పదోదాని కోసం
మోకాళ్ళ మీద కూర్చుంటాను.

సాయంత్రం అన్నీ పొగాకు డబ్బాలో వేసుకుని
హెస్టర్ లార్టర్ వంటింటికి పోతాను.
ఎనభై తొమ్మిదేళ్ళు. కళ్ళలో పొరలు.
గుర్రపు జీనులు కుట్టిన ఇంటి పిల్ల.
"కడిగావా?"
మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.
లేదంటే టీ, అవునంటే తిట్లు.
ఒకసారి ఆత్రం పట్టలేక వెనిగర్‌లో నానేసిన బిళ్ళను
అరచేతిలో ఆడించి
"చర్మం ఒలిచి తెచ్చావు, ఇంక పేరేం చెప్పను" అంది.

చూపు తగ్గిన దగ్గర్నుంచే
బాగా గుర్తుపడుతోందని నా అనుమానం.
బొటనవేలు ముందు అంచు చుట్టూ నడుస్తుంది,
తర్వాత మధ్యకొచ్చి ఆగుతుంది,
కొత్త ఊళ్ళో దారి అడుగుతున్నట్టు.
"అరపెన్నీ. మూడో జార్జి.
ఇదిగో, ఇక్కడుండాలి ముక్కు.
జనం రుద్ది రుద్ది తినేశారు."
టార్చి ఏటవాలుగా పడుకోబెట్టి చూస్తాను.
నిజమే, నీడలో ఒక దవడ లేస్తుంది,
మళ్ళీ మునుగుతుంది.
బొమ్మా లేదు, బొరుసూ లేదు.
దీన్ని ఎగరేసి పందెం కాస్తే
ఎవరూ ఓడిపోరు.

సీసపు ముద్ద,
బట్టల మూటకు వేసిన ముద్ర.
గుంతలు గుంతల ఇత్తడి టోపీ
కుట్టుపనిలో వేలికి తొడిగేది, చిన్నపిల్లది,
హెస్టర్ చిటికెనవేలికి కూడా ఎక్కలేదు.
కొన్నిటికి "తెలీదు" అంటుంది.
ఆ మాట అంత హాయిగా అనేవాళ్ళని
నేనింకొకర్ని చూళ్ళేదు.

నిన్న ఒక రేకు దొరికింది.
వేలెడు పొడవు, ఇత్తడి, ఓ మూల వంగింది.
వరసగా పది సన్నటి చీలికలు,
ఒకదానికంటే ఒకటి పొట్టి.
దువ్వెనన్నాను. బెల్టు బిళ్ళేమో అన్నాను.
లోలోపల రోమన్‌లదన్నాను,
ఎంత వాడినా అరగనిది ఆశొక్కటే.

బొటనవేలు చీలికల్ని లెక్కపెట్టింది.
వెనక్కొచ్చి మళ్ళీ లెక్కపెట్టింది.
మట్టితోనే పెదాలకు ఆనించి ఊదింది.
స్వరం రాలేదు. ఇంత దుమ్ము రాలింది.
"మౌత్ ఆర్గాన్ లోపలిది. ఏ వైపు?"
"కింద. కాలవ గట్టు దగ్గర."

యుద్ధం రోజుల్లో, అంది,
ఇటలీ ఖైదీలు అక్కడ దుంపలు పీకేవాళ్ళు.
వీపు మీద గుండ్రటి అతుకులు.
ఎర్మెతే అనే అతను పని ఆపినప్పుడల్లా ఊదేవాడు.
అది పోయింది.
మూడు రోజులు చాళ్ళన్నీ వెతికాడు,
పదకొండేళ్ళ తనూ వెంట తిరిగి వెతికింది.

"ఇది ఇంకెవరిదైనా కావచ్చు," అన్నాను,
"అప్పుడు ప్రతి జేబులోనూ ఒకటుండేది కదా."

కెటిల్ కూసి కూసి ఊరుకుంది.

"ఎంత లోతులో దొరికింది?"
"జానెడు."
"మూరెడు తవ్వాననుకున్నానే," అంది.

ఎందుకని నేనడగలేదు.
నాగళ్ళు పైకి తెస్తాయి, అని ఏదో గొణిగాను,
మట్టి సంగతి మాట్లాడుతున్నట్టు.
కవరు మీద రాయడానికి పెన్ను తీశాను:
వస్తువు, లోహం, చేను, లోతు.
మొదటి గడి దగ్గరే చెయ్యి ఆగింది.

హెస్టర్ లేచింది,
గోడ పట్టుకుని సింకు దాకా నడిచింది,
కుళాయి తిప్పి,
సబ్బు తీసుకుని,
దాన్ని కడగడం మొదలుపెట్టింది.