ఒకటి నుంచి ఐదు దాకా

బోరా గాలి వీచే రాత్రి ట్రియెస్తేలో
అంబులెన్సు తలుపు తెరవడానికే ఇద్దరు కావాలి.
రేవులో క్రేన్ నడిపే నేవియో ఫుర్లాన్
మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని
"ఏం లేదు డాక్టరమ్మా, రాత్రి తిన్న చేపలే" అన్నాడు.
పెదవి మాత్రం కొరుక్కున్నాడు, రక్తం వచ్చేలా.

నేను చేతులు వేణ్ణీళ్ల కింద పెట్టాను.
చల్లటి చేయి తగిలితే కడుపు బిగుసుకుంటుంది,
బిగుసుకున్న కడుపు అబద్ధం చెబుతుంది.
ముప్పై ఏళ్ల కిందట స్తేలియో మాస్టారు నేర్పిన మొదటి పాఠమిది,
కత్తి ఇంకా చేతికివ్వకముందే.

కడుపు మెత్తగా ఉంది.
పిండి ముద్దంత మెత్తగా.
యోలే తెర నావైపు తిప్పింది:
రక్తపరీక్షలు, స్కాను, గుండె లయ, వయసు
అన్నీ మింగి అది ఒక్క అంకె కక్కింది.
ముప్పై ఒకటి.
కింద సన్నటి అక్షరాల్లో: ఆరు గంటలు ఆగి మళ్లీ చూడండి.

"మీరు నిద్రపోయి ఇరవై గంటలైంది" అంది యోలే.
"దానికి నిద్ర అక్కర్లేదు."
పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది?
పోయిన మార్చిలో అదే పెట్టె తొంభై అంటే
కోశాం, లోపల ఏమీ లేదు.
ఆ టైలరు, లీదియా, ఇప్పటికీ వస్తుంది చూపించుకోవడానికి,
కుట్టు వంకర పోయిందని నా పనికి వంక పెడుతుంది.
నవ్వుతూనే.

ఇంకొకటి ఉంది, యోలేకి నేనెప్పుడూ చెప్పనిది.
పదకొండేళ్ల కిందట, ఏ పెట్టే లేని రాత్రి,
ఇలాంటి మెత్తటి కడుపునే నమ్మి
తెల్లారనీ చూద్దాం అన్నాను.
తెల్లారింది. పేగంతా నల్లబడింది.
ఆయన భార్య కారిడార్లో
చలికోటు గుండీలు పెట్టుకుంటూ, తీసుకుంటూ, పెట్టుకుంటూ.
ఆ రాత్రి ఎవరైనా, ఏదైనా,
ఒక అంకైనా నా భుజం తట్టి ఉంటే!

మత్తు డాక్టరు దుషాన్ గడియారం చూశాడు.
"నిర్ణయం ఎవరిది?"
కడుపు మెత్తనిదే. ముఖం మాత్రం కేకలేస్తోంది.
ఆ కేకని స్కాను తీయలేదు.
నాదే, అన్నాను.

లోపల ఒక జానెడు పేగు,
పండి వాడిన అత్తిపండు రంగులో,
ఇంకా చావలేదు, చావబోతోంది.
రక్తం గడ్డ తీయగానే
మెల్లగా, సిగ్గుపడినట్టు, గులాబీ రంగెక్కింది.
ఎవరూ ఏమీ అనలేదు.
నేను గెలిచానని అనిపించలేదు.
తొంభై అన్నప్పుడు అది ఓడింది, ముప్పై అన్నప్పుడూ ఓడింది,
నేను ఎన్నిసార్లు ఓడానో
లెక్క రాసిపెట్టిన యంత్రం మాత్రం లేదు.

ఇప్పుడు నాలుగున్నర.
విశ్వవిద్యాలయం పంపిన ప్రశ్నాపత్రం
మూడు వారాలుగా కాఫీ మరకల కింద ఉంది.
'అత్యవసర శస్త్రచికిత్సలో కృత్రిమ మేధను మీరు నమ్ముతారా?
ఒకటి నుంచి ఐదు దాకా గుర్తించండి.'
తప్పు జరిగితే బాధ్యత ఎవరిదంటే
గళ్లన్నీ వదిలి పక్కన నా పేరు రాశాను, ఓందీనా కోసుత్త.
మొదటి ప్రశ్న దగ్గర కలం ఆగింది.
మూడు మీద గుండ్రం చుట్టబోయి,
మూడంటే నాకే తెలియదని కదా, ఆపేశాను.
హస్తవాసి అంటారే,
దానికి ఈ స్కేలు మీద చోటెక్కడ?
అది నాకుందో లేదో
పదకొండేళ్ల కిందటి ఆ గుండీలను అడగాలి.

కింద మళ్లీ సైరను.
పద్దెనిమిదేళ్ల కుర్రాడు, స్కూటరు, గాలికి పల్టీ.
నేను మెట్లు దిగేసరికి
యోలే కళ్లు తెర మీదే ఉన్నాయి, అంకె కోసం.
చేతులు మాత్రం, ఎవరూ చెప్పకుండానే,
వేణ్ణీళ్ల కింద.