బెత్తెడు సందు

మే నెల మొదటి శనివారం.
పొద్దున ఆరైనా వేళ్ల కొసలు మొద్దుబారే చలి.
వనసిల్లా చిత్తడి అంచున పంతొమ్మిది మందిమి,
పదకొండు సుత్తులు, ఒక్కటే మంచి రంపం.
వన అంటే ఇక్కడి మాటలో అడవి కాదు, పాతది అని.
పాత వంతెన. వంతెన ఏనాడో మునిగింది,
పేరు మాత్రం తేలుతోంది.

ఈ పనికి ఎస్టోనియాలో తల్గుద్ అని పేరు.
కూలి ఉండదు. పిలుపు ఉంటుంది, చివర్న సూపు ఉంటుంది.
రానివాణ్ణి ఎవరూ ఏమీ అనరు,
వచ్చే ఏడు దాకా గుర్తు మాత్రం పెట్టుకుంటారు.

పలకలు ఫిబ్రవరిలోనే వచ్చాయి.
బురద గడ్డకట్టి రాయిలా ఉన్నప్పుడు
ఊర్మస్ మంచుబండి మీద లాక్కొచ్చి
కుప్పలు కుప్పలుగా దించిపోయాడు.
ఇప్పుడు అదే చోట అడుగేస్తే
మోకాలి దాకా మింగి
బూటు ఉంచుకుని కాలు తిరిగిస్తుంది.
లేంబిత్ బూటొకటి పోయినేడు నుంచీ అక్కడే ఉంది.
వెయ్యేళ్లకైనా చెక్కుచెదరకుండా దొరుకుతుందని వాడి ధీమా.

పనంటారా, కుళ్లింది ఊడబెరకడం, గట్టిది దిగ్గొట్టడం.
చెప్పడానికి అంతే.
తుప్పుపట్టిన మేకు చెక్కని వదలదు.
గడ్డపలుగు మీద ఇద్దరం బరువంతా వేస్తే
కీచుమని ఒక్క అరుపు;
దూరాన బెగ్గురుపక్షులు
తమనే పిలిచామనుకుని జవాబిస్తాయి.

హెల్వేకి డెబ్బై ఆరు. ఆమెని వంగనివ్వరు.
మొద్దు మీద కూర్చుని
వంకరపోయిన మేకుల్ని సాపు చేస్తుంది.
కొత్తవి పెట్టెడు ఉన్నాయి కదా అంటే
కొత్తవాటికి బుద్ధుండదు అంటుంది.

పదింటికి, రెండో మలుపు దగ్గర, ఆ సందు.
ఊరందరికీ తెలిసిన సందు.
పలకకీ పలకకీ మధ్య బెత్తెడు ఖాళీ, కింద నల్లటి నీళ్లు.
అక్కడ టీచరమ్మ బూటు మడమ విరిగింది,
ఒక పెళ్లి ఉంగరం పోయింది, ఎవరిదో చెప్పను.
ముప్ఫై ఏళ్లుగా అందరం
అక్కడికి రాగానే మాట ఆపకుండానే
కాలు కాస్త ఎత్తి వేస్తాం.

తావి పలక తిరగేశాడు.
అడుగున, నాచు గోకితే, వడ్రంగి పెన్సిలుతో ఒక గుణకారం:
ఎనభై ఏడు పలకలు, పద్నాలుగు సెంటీమీటర్లు.
రెండు వరసల అంకెలు, గీత, గీత కింద 1228.
పక్కనే చిన్నగా: ఎండెల్. వాన.

పలకని హెల్వే ఒళ్లో పెట్టాం.
కళ్లద్దాలు కోటు అంచుతో తుడుచుకుని
పెదాలు కదుపుతూ వేసింది లెక్క.
"నాలుగూ ఏడూ పన్నెండా?" అని అడిగింది, పలకని.
"నాలుగూ ఏడూ పన్నెండట!"
మొదలైన నవ్వు ఆగలేదు.
ఆయన పోయి తొమ్మిదేళ్లు.
చిత్తడి కుంగిందన్నారు, మంచు నెట్టిందన్నారు,
ఇంజనీరొకాయన వచ్చి ఏదో రాసిచ్చి కూడా పోయాడు.
"పాల లెక్క ఇంట్లో నేనే చూసేదాన్ని" అంది చివరికి.

కాసేపు ఎవరికీ సుత్తి ఎత్తబుద్ధి కాలేదు.
"అలాగే వదిలేద్దామా, గుర్తుగా?" అంది మారికా.
హెల్వే ఆమెని ఎగాదిగా చూసింది.
"టీచరుకి ఇంకో మడమ ఉంది కదా."

దగ్గరుండి సన్నటి పలక కోయించింది.
అడుగున తనే రాసింది 1218, కింద రెండు గీతలు,
బడిపిల్లాడి పుస్తకం దిద్దినట్టు.
బోర్లించి, సాపుచేసిన మేకులు నాలుగూ తనే కొట్టింది.
వంగొద్దని ఈసారి ఎవరూ అనలేదు.
పాత పలక మిగతావాటితో పాటే పొయ్యిలోకి పోయింది.
తడి చెక్క. బార్లీ సూపు బాగా ఆలస్యమైంది.

సెప్టెంబరులో క్రాన్‌బెర్రీలకి వెళ్లాం.
దారిప్పుడు ఒక్క వెలితి లేకుండా సాగుతుంది.
రెండో మలుపులో ముందు లేంబిత్, వెనక నేను,
నా వెనక బకెట్టుతో హెల్వే,
ఒకరి తర్వాత ఒకరం
ఏమీ లేనిచోట కాలెత్తి దాటాం.
అందరికన్నా వెనక, పట్నం నుంచి మొదటిసారి వచ్చిన
మారికా మనవడు
మా కాళ్లకేసి చూసి
తనూ ఎత్తాడు.