గాలిలో దీపం

నిచ్చెన బాజీ పట్టుకున్నాడు.
నేను టేపుతో గోడ కొలిచాను:
నేల నుంచి ఏడడుగులు, ఆపైన ఇంకో జానెడు.
గీత గీసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని
కిందికి చూస్తే
గుంటూరు మొత్తం దగ్గుతూ కూర్చుని ఉంది.

ఛాతీ ఓపీ. మంగళవారం.
బెంచీలు నాలుగు, మనుషులు డెబ్భై.
ఏటుకూరు రోడ్డు నుంచి ఆటోలో వచ్చిన దగ్గు,
ఆనందపేట బీడీల దగ్గు,
యార్డులో తొడిమలు తుంచి తుంచి
ముక్కుకు కొంగు కట్టినా ఆగని మిరప దగ్గు.
మా ఊళ్ళో దగ్గనివాడు పరాయివాడు.
అందుకే ఏది ఘాటుదో ఏది లోపలిదో
ఆరు నెలలదాకా ఎవరూ అడగరు.

"ఆ నీలం లైటు ఎవరికయ్యా?"
సువార్తమ్మ అడిగింది,
గోళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోని మనిషి.
"సూదిలో దారం ఎక్కించటానికైనా చాలదు. కరెంటు దండగ."
"మనకు కాదమ్మా. గాలికి."
"గాలికా!"
నవ్వబోయింది, నవ్వు దగ్గయింది,
దగ్గు ఆగాక మిగిలిన కాస్త నవ్వుతో అంది:
"గాల్లో దీపం పెట్టి
దేవుడా నీదే భారమన్నాడంట ఎనకటికెవడో.
వాడివి నువ్వేనా?"

నాకు తెలిసింది కరుణశీల సిస్టరు చెప్పిందే.
మనం విడిచిన ఊపిరి వెచ్చంది, పైకి పోతుంది.
పైన రేకుల సందుల్లోంచి ఈ వెలుగు
చాప పరిచినట్టు పడుకుని ఉంటుంది,
కిందికి చుక్క కారదు.
దగ్గులో ఎగిరొచ్చిన పురుగు
ఆ చాప మీదుగా పోతే
పిల్లల్ని పెట్టటం మరిచిపోతుందట.
కనబడే నీలం ఉత్త తోక.
పనిచేసేది కనబడదు.

నిచ్చెన మీంచి దాన్ని తిన్నగా చూడొద్దంది.
చూశాను.
ఆ రాత్రంతా కళ్ళల్లో ఇసక.
తడిగుడ్డ వేస్తూ మా ఆవిడ తిట్టింది:
"ముప్పై ఏళ్ళు కరెంటుతో కాపురం చేశావు,
దాని మొహం చూడకూడదని ఇప్పుడు తెలిసిందా?"

మార్గశిరంలో ట్యూబులు తుడవటానికి
స్పిరిటు సీసాతో వెళితే
ఫ్యాన్లన్నీ ఆగి ఉన్నాయి.
చలని ఎవరో కట్టేశారు,
టోకెన్ చీటీలు ఎగురుతున్నాయని ఇంకెవరో.
పైన గాలి పొద్దుటినుంచీ
అదే నీళ్ళలో పదోసారి మునుగుతోంది.
కింద గాలి మాసిన దుప్పటిలా
డెబ్భై మంది మధ్య చేతులు మారుతోంది.
దీపం మాత్రం వెలుగుతూనే ఉంది, పాపం.

సామెతలో వాడు కూడా ఇంతే అయ్యుంటాడు.
దీపం పెట్టాడు, బిల్లు తీసుకున్నాడు,
ఇంటికెళ్ళి పడుకున్నాడు.

బోర్డు విప్పాను.
ఫ్యాన్లు రెండు మీద పెట్టి రెగ్యులేటరు గుబ్బ పీకేశాను.
తీగ తీగకి కలిపి
స్విచ్చు ఉన్నచోట నల్ల టేపు.
"ఆర్డరు కాగితం ఏదన్నా అంటారేమో అన్నా," అన్నాడు బాజీ.
అడిగితే చూద్దాం.
చీటీల మీద బరువుకి
సంచిలో ఉన్న కాలిపోయిన చోకు ఇచ్చాను.
ఇరవై ఏళ్ళు ఏదో గదిలో గుయ్యిమన్న చోకు
మొదటిసారి నోరు మూసుకుని పనిలో చేరింది.

సువార్తమ్మ కొంగు లేచింది.
"ఇట్టాంటిది యార్డులో పెట్టవయ్యా" అంది.
"మిరప దుమ్ముకి పనిచెయ్యదమ్మా."
"మరి మేం?"
స్క్రూ బిగిస్తున్నట్టు అటు తిరిగాను.
స్క్రూ ఎప్పుడో బిగిసింది.

రాత్రి చొక్కా విప్పితే
జేబులోంచి గుబ్బ దొర్లింది.
ఏంటిదంది మా ఆవిడ.
"గాలి" అన్నాను.
కాసేపు నన్నే చూసి
దాన్ని తీసుకెళ్ళి పోపుల పెట్టెలో వేసింది,
ఎండుమిరపకాయల పక్కన.