జీను

ముందు ఇత్తడి వేలితొడుగు పట్టడం మానేసింది.
తర్వాత పెళ్లినాటి ఉంగరం సబ్బు నీళ్లకూ లొంగలేదు.
యాభై రెండేళ్లవాడికి పాదాలు పెరగడమేమిటని
భార్య నవ్వింది, మూడో జత బూట్లు కొన్నాక నవ్వలేదు.

నారిన్ కొండల్లో జీనులు కుట్టే ఎషిమ్‌బై
మంచు కనుమ దాటి బిష్కెక్ వచ్చేసరికి
పక్కల నుంచి గుర్రాలు రావడం ఆగిపోయింది.
"ఎదురుగా వస్తే గుర్రం. పక్కన వస్తే వట్టి గాలి.
బండి గుర్రాలకు నేను కుట్టిన గంతలే
ఎవడో నాకు కట్టిపోయాడు."

డాక్టర్ బురుల్ తెర మీద చూపించింది:
ముక్కు వెనక, కంటి నరాల కూడలి కింద,
పుర్రె అడుగున ఒక గుంట.
"దీన్ని టర్కీ జీను అంటాం.
బఠాణీగింజంత గ్రంథి కూర్చునే చోటు.
ఇప్పుడక్కడ అక్రోటుకాయంత కణితి ఎక్కింది."

అతను చాలాసేపు చూశాడు.
"వెనక అంచు ఎత్తు బాగుంది. ముందుది పొట్టి.
ఎవరు చేశారో గానీ, తొందరలో చేశారు."

నా పని కెమెరా పట్టుకోవడం.
ఐదు గంటలు, ఒక ముక్కుపుటంలో,
ఊపిరి కూడా అడిగి పీల్చినట్టు.
ఎముక గుడ్డుపెంకంత పలచబడ్డాక
అవతల ఏదో లేతగులాబీ కదిలింది.
అటొకటి, ఇటొకటి, మెదడుకు పోయే పెద్ద ధమనులు
గుండె చెప్పిందే చెబుతున్నాయి.
వాటిలో ఏది చిట్లినా
ఆ రోజు గురించి మేమెవరం మళ్లీ మాట్లాడుకోం.

కణితి మీగడలా వచ్చింది.
అంతా రాలేదు.
ఎడమ ధమనిని కరుచుకున్న ముక్కను చూసి
"దాన్నలా ఉండనీ" అంది బురుల్.
ఆ మాట నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టిందని
తర్వాత, చేతులు కడుక్కుంటూ.

తొడలోంచి కాస్త కొవ్వు తెచ్చి గుంట పూడ్చాం,
ముక్కు లోపలి పొర మడిచి అతుకు వేశాం.
తోలుపనే.

తుమ్మకూడదు. చీదకూడదు. వంగకూడదు.
గొంతులోకి ఉప్పగా ఏది జారినా చెప్పాలి.
"కన్నీళ్లయితే?"
"ముందు చెప్పు, తర్వాత తేల్చుకుందాం" అంది నర్సు.

మూడో సాయంత్రం ఎడమవైపు నుంచి టీ తీసుకెళ్లాను.
తల తిప్పలేదు, చెయ్యి చాచాడు.
నాలుగు వేళ్ల దూరంలో గాలిని పట్టుకుని,
జరిపి, కప్పు పట్టుకున్నాడు.
ఇద్దరం ఏమీ అనలేదు.

వేలితొడుగు మాత్రం పట్టలేదు.
పెరిగిన ఎముక తగ్గదని ముందే చెప్పారు.
వెళ్లే ముందు తన జీను కొలతలు రాసిమ్మన్నాడు.
వెడల్పు ఇరవై రెండు మిల్లీమీటర్లు, లోతు పందొమ్మిది.
"పిచ్చుకకైతే సరిపోతుంది" అని
ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి
వేలితొడుగులో దోపుకున్నాడు.