ఐసు లేని ఐసు పెట్టె

పొద్దుగాల ఐదున్నరకు దేవరకొండ బస్టాండుల
ఐసు పెట్టెను ఒళ్లె పెట్టుకొని కూసున్న.
లోపల ఐసు లేదు.
బతికున్న కణాలకు చలి పడదు,
పాత తువ్వాల చుట్టి రెండు నెత్తురు గొట్టాలు పెట్టిన.
ఒకదాని మీద చీటీ: పేషెంటు, పదిహేడు.
ఇంకోదాని మీద: ఆరోగ్యవంతులు, నాలుగు.
ఆ నాలుగు నేనే.

రాసుకుంటుంటె నవ్వొచ్చింది.
మోకాళ్ల నొప్పి, థైరాయిడు గోలీ,
రాత్రి డ్యూటీలు తినేసిన నిద్ర,
ఇవేవీ అడగలే వాళ్లు.
క్యాన్సరు లేదు గదా అన్నరు.
లేదన్న.
గంతే, ఆరోగ్యవంతురాలినయిన.

పదిహేడు నంబరు నేనావత్ రుక్కి.
ఈ రూటులనే పందొమ్మిదేండ్లు కండక్టరు.
మాల్ కాడ ఎక్కినోడు
ఇబ్రహీంపట్నం దాక నిద్ర నటిస్తె
భుజం తట్టి లేపేది.
దసరాకు టికెట్ ఎగ్గొట్టినోణ్ణి
ఉగాదికి మొఖం చూసి పట్టి
పాత బాకీ గూడ వసూలు చేసింది.
మెడ కింద గడ్డ రేగ్గాయంత ఉన్నన్ని దినాలు
మఫ్లరు చుట్టుకొని డ్యూటీకెక్కింది.
బత్తాయంత అయినంక దవాఖానకొచ్చింది.

వానకాలం ఒకటే జ్వరం ఇద్దర్నీ పట్టింది.
నాకు నాలుగు రోజులు,
ఆమెకు ముప్పై నాలుగు.

పుస్తకాలల్ల సైనికులంటరు, యుద్ధమంటరు.
ఇరవై రెండేండ్ల సంది
సూక్ష్మదర్శినిల కన్ను పెట్టి చూస్తున్న,
నాకు ఒక్క సైనికుడు కనపడలే.
ఊదారంగు పూసుకున్న గుండ్రటి కణాలు,
చేతుల చేటలు పట్టుకొని
ఏ చెల్కల పనుంటె ఆ చెల్కకు నడిచేటోళ్లు.
అండ్ల కొన్ని మాత్రం
ఒక్కసారి చూసిన మొఖం మరువవు.

రుక్కి ఒంట్ల పాడైనయి
అటువంటి కణాలే.
టికెట్లు కొట్టుడు మాని
తమ్మును తామే అచ్చేసుకుంట పోయినయి.
మందు ఎక్కిస్తె
మంచివీ చెడ్డవీ కలిసి దిగిపోయినయి.
రిపోర్టుల యాంటీబాడీలు: సున్నా.
డాక్టరు ఆ సున్నా చుట్టూ
పెన్నుతోటి ఇంకో సున్నా చుట్టిండు.
'సున్నా అయితె మరి
నేనెట్ల లేచి కూసున్న అక్కా?'
అడిగింది రుక్కి ఒక్కతే.
మాకెవ్వరికీ అడగాలని తోచలే.

హైదరాబాదు ల్యాబుల
పల్లెం నిండ చిన్నచిన్న గుంతలు.
ఒక్కో గుంతల కణాలు పోసి
వైరసు ముక్క చూపిస్తరు.
ప్రాణం లేని ముక్క, పాస్‌ఫొటో లెక్క.
ఈణ్ణి ఎన్నడన్న చూసినవా?
చూసిన కణం ఉన్నకాడనే
నీలం చుక్క విడుస్తది.

రెండు రోజులాగి పోయిన.
నా గుంతల రెండొందల పన్నెండు,
కొర్రలు ఆరబోసినట్టు.
ఆరో నంబరు కణాలు మొఖం గుర్తుపట్టినయట,
చేతులే లేవలేదు,
చుక్కలు ఆవగింజ పొట్టంత.
పదకొండో నంబరు గుంత తెల్లగుంది.
రెండుసార్లు తిప్పి చూసిన.
ఆయనది నకిరేకల్. పేరు రాయను.

పదిహేడుల ముప్పై తొమ్మిది.
తక్కువనే.
కాని ఒక్కో చుక్క నా చుక్కకు రెండింతలు.
యాంటీబాడీలు చేసే కణాలు కావవి,
వేరే జాతి,
ఇది వాటి పని ఒక్కటే గాదు.
కండక్టరు లేని సర్వీసుల
డ్రైవరే సీటు దిగొచ్చి
టికెట్లు కొడుతున్నట్టు.

అదే బతికించిందని నేను చెప్పలేను.
ఇరవై ముగ్గురి నెత్తురుతోటి
ఎవరూ అంత గట్టిగ చెప్పరు.

బస్సు కాడి నుంచే ఫోన్ చేసిన.
'ముప్పై తొమ్మిదా?'
కొంచెంసేపు లెక్క చూసుకున్నట్టుంది.
'యాభై సీట్ల బండికి మంచి కలెక్షనే అక్కా.'
తర్వాత ఏదో వినొచ్చింది.
దగ్గో, నవ్వో,
మాల్ కాడ సిగ్నలు పోయింది.

డ్రైవరు మిషను పట్టుకొని నా సీటు కాడికొచ్చిండు.
పెట్టె మూత తెరిచి చూపించిన.
తువ్వాల, గంతే.
'ఖాళీదే గదా' అన్న.
నా మొఖం చూసి, పెట్టెను చూసి
లగేజీ టికెట్ గూడ కొట్టిండు.